ఎవరి తరఫున మాట్లాడుతున్నాం? జపనీస్ అమెరికన్ల జాతీయ సమాఖ్య ఎదిగిన తీరు

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, సెలవు రోజున పొద్దున్నే పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన మీ అందరికీ కృతజ్ఞతలు.

ప్రవాసుల హక్కుల కోసం పోరాడే జాతీయ సంఘం ఎలా ఎదుగుతుందో చెప్పమని నిర్వాహకులు అడిగారు. అమెరికాలో మన తెలుగు సంఘాలైన తానా, ఆటాల గురించి ఈ హాల్లో చాలామందికి నాకంటే ఎక్కువ తెలుసు. అందుకని మనకంటే ముందు ఈ దేశానికి వచ్చిన ఇంకో ఆసియా సమాజం గురించి మాట్లాడతాను. వాళ్లు జపాన్ నుంచి వచ్చారు. వాళ్ల పిల్లలు పెట్టుకున్న సంఘం పేరు జపనీస్ అమెరికన్ సిటిజన్స్ లీగ్. అందరూ జేఏసీఎల్ అంటారు. 1929లో పుట్టింది, ఇవాళ్టికీ పనిచేస్తోంది. అమెరికాలో ఒక వలస సమాజం సాధించిన అతి పెద్ద విజయాల్లో ఒకటి దాని ఖాతాలో ఉంది. సొంత జనానికే చేసిన పెద్ద తప్పు కూడా దాని ఖాతాలోనే ఉంది. రెండూ కలిపి చదివితేనే మనకు ఉపయోగం అని నా నమ్మకం.

ముందు చట్టం సంగతి చూద్దాం. బయటి దేశంలో పుట్టినవాళ్లలో తెల్లవాళ్లకు మాత్రమే అమెరికా పౌరసత్వం ఇవ్వాలని 1790లో చట్టం చేశారు. అంతర్యుద్ధం ముగిశాక, 1870లో, ఆఫ్రికా సంతతివాళ్లను చేర్చారు. ఆసియావాళ్లు బయటే ఉండిపోయారు. తకావో ఒజావా అనే ఆయన ఇరవై ఏళ్లు ఇక్కడే బతికాడు. బర్క్లీలో చదివాడు. ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడేవాడు. ఆయనకు పౌరసత్వం కుదరదని 1922 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. తెల్లవాడంటే కాకేషియన్ జాతివాడని, ఒజావా ఆ జాతి కాదని చెప్పింది. తర్వాత మూడు నెలలకే, 1923 ఫిబ్రవరిలో, భగత్ సింగ్ థింద్ కేసు తీర్పు వచ్చింది. థింద్ పంజాబీ, అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. ఉత్తర భారతీయులు కాకేషియన్లేనని మీ శాస్త్రవేత్తలే రాశారు కదా అని వాదించాడు. ఈసారి అదే కోర్టు, అదే న్యాయమూర్తి జార్జ్ సదర్లాండ్ కలంతో, శాస్త్రం మాట పక్కన పెట్టి సామాన్యుడు ఎవరిని తెల్లవాడనుకుంటాడో అదే లెక్క అంది. అప్పటికే పౌరసత్వం వచ్చిన భారతీయుల నుంచి దాన్ని వెనక్కి లాక్కోవడం కూడా మొదలైంది. వాళ్ల కష్టం, మన కష్టం ఒకే చోట మొదలయ్యాయని మనలో చాలామందికి తెలియదు. పిల్లలకు తప్పకుండా చెప్పాల్సిన చరిత్ర ఇది.

పౌరసత్వానికి అర్హత లేనివాళ్లు భూమి కొనకూడదని కాలిఫోర్నియా 1913లోనే చట్టం తెచ్చింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా, 1924లో జపాన్ నుంచి వలసలనే ఆపేశారు. ఒక్క తలుపు మాత్రం తెరిచి ఉంది. ఇక్కడ పుట్టిన బిడ్డ ఇక్కడి పౌరుడే. చైనా దంపతులకు శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ కేసులో 1898లో సుప్రీంకోర్టు ఖాయం చేసిన హక్కు అది. దాంతో చాలా జపనీస్ కుటుంబాలు పాలుతాగే పిల్లల పేర్ల మీద పొలాలు రాయించుకున్నాయి. ఒకే ఇంట్లో తల్లిదండ్రులు విదేశీయులు, పిల్లలు పౌరులు. జపాన్ నుంచి వచ్చిన తరాన్ని ఇస్సెయ్ అంటారు, ఇక్కడ పుట్టిన తరాన్ని నిసెయ్ అంటారు. కథంతా ఈ రెండు తరాల మధ్యే నడుస్తుంది కాబట్టి ఈ మాటలు గుర్తుపెట్టుకోండి.

సంఘం పుట్టుక మన సంఘాల పుట్టుకలాగే ఉంటుంది. చదువుకున్న నిసెయ్ కుర్రాళ్లు కొందరు శాన్‌ఫ్రాన్సిస్కోలో కలుసుకుని మాట్లాడుకునేవాళ్లు. వాళ్లలో ఒకరు థామస్ యటాబె, పళ్ల డాక్టరు. తర్వాత ఫ్రెస్నోలో సంఘం పెట్టారు. సియాటెల్‌లో ఇంకొకటి అప్పటికే ఉంది. ఎవరి ఊళ్లో వాళ్లు, ఎవరి పేరుతో వాళ్లు. ఊరి సంఘానికి వాషింగ్టన్‌లో విలువ ఉండదని అర్థమయ్యాక 1929లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కూర్చుని ఒక్కటయ్యారు. 1930 ఆగస్టులో సియాటెల్‌లో మొదటి జాతీయ మహాసభ జరిగింది. అప్పుడే మొదలైన ‘పసిఫిక్ సిటిజన్’ అనే పత్రికను సంఘం తన గొంతుగా చేసుకుంది.

మొదట చిన్న చిన్న పనులే పట్టుకున్నారు. నాకు వాళ్లలో బాగా నచ్చేది ఇదే. అప్పట్లో ఇక్కడ పుట్టిన అమ్మాయి పౌరసత్వానికి అర్హత లేని ఆసియావాడిని పెళ్లాడితే తన పౌరసత్వం పోయేది. దాన్ని మార్పించడానికి లాస్ ఏంజెలిస్ నుంచి సుమా సుగి అనే యువతిని వాషింగ్టన్ పంపారు. సంఘం తరఫున వెళ్లిన మొదటి లాబీయిస్టు ఆవిడే. 1931లో చట్టం సవరించారు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా తరఫున పోరాడిన ఆసియావాళ్లకు పౌరసత్వం ఇవ్వాలని టోకుటారో స్లోకమ్ అనే మాజీ సైనికుడు కాంగ్రెస్ సభ్యుల ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగాడు. 1935లో ఆ చట్టమూ వచ్చింది. దాని వల్ల లాభపడిన ఇళ్లు కొన్నే. అయినా అర్జీ ఎవరికి ఇవ్వాలో, ఏ సభ్యుడి తలుపు తట్టాలో సంఘం ఆ పనుల్లోనే నేర్చుకుంది.

సంఘం పేరులోనే సిటిజన్స్ అని ఉంది. సభ్యత్వం పౌరులకే. అప్పటి పరిస్థితిలో అది అర్థమయ్యే నిర్ణయమే. మీరు పరాయివాళ్లు అని రోజూ పత్రికలు రాస్తుంటే, మేం అమెరికన్లం అని చెప్పుకోవడానికే పెట్టుకున్న సంఘం అది. పెద్దవాళ్లకు వేరే సంఘాలు ఉండేవి, వాళ్ల వ్యవహారాలు జపాన్ కాన్సులేట్‌తో ముడిపడి ఉండేవి. కానీ ఆ నిబంధనతో ఏమైంది? చట్టం ఎవరిని ఎక్కువ బాధపెడుతోందో వాళ్లకు, అంటే అమ్మానాన్నలకు, సంఘంలో ఓటు లేదు. శాంతికాలంలో ఇది పెద్ద విషయంగా ఎవరికీ తోచలేదు.

1941 డిసెంబరు 7న హవాయిలోని పెర్ల్ హార్బర్ నౌకాస్థావరం మీద జపాన్ దాడి చేసింది. కొన్ని గంటల్లోనే ఎఫ్‌బీఐవాళ్లు ఇస్సెయ్ పెద్దల ఇళ్లకు వచ్చారు. సంఘాల అధ్యక్షులు, బౌద్ధ పూజారులు, జపనీస్ బడుల మాస్టార్లు, పత్రికల సంపాదకులు, పేరున్న పెద్దమనుషులందర్నీ పట్టుకుపోయారు. బ్యాంకు ఖాతాలు స్తంభింపజేశారు. రాత్రికి రాత్రి సమాజం తల తెగిపోయింది. మాట్లాడటానికి మిగిలిన జాతీయ సంఘం ఒక్క జేఏసీఎల్. దాని జాతీయ కార్యదర్శి మైక్ మసావోకాకు అప్పటికి ఇరవై ఆరేళ్లు. సాల్ట్ లేక్ సిటీలో పెరిగినవాడు, పశ్చిమ తీరపు జపనీస్ పేటల్లో బతికిన అనుభవం తక్కువ. అధ్యక్షుడు సబురో కిడో శాన్‌ఫ్రాన్సిస్కోలో లాయరు.

1942 ఫిబ్రవరి 19న ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ 9066 నంబరు ఉత్తర్వు మీద సంతకం చేశాడు. పశ్చిమ తీరంలో ఉన్న జపనీయులందర్నీ, పౌరులా కాదా అని చూడకుండా, ఖాళీ చేయించే అధికారం సైన్యానికి వచ్చింది. దాదాపు 1,20,000 మంది. వాళ్లలో మూడింట రెండు వంతులు ఇక్కడ పుట్టిన పౌరులే. మార్చిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో జేఏసీఎల్ అత్యవసరంగా సమావేశమైంది. ప్రభుత్వంతో సహకరిద్దామని నిర్ణయించింది. ఎదురు తిరిగితే సైన్యం బలవంతంగా తరలిస్తుంది, రక్తం పారుతుంది, మన విధేయత మీద పడ్డ అనుమానం ఎప్పటికీ పోదు. ఇదీ వాళ్ల ఆలోచన. ఆ గదిలో మనం ఉంటే ఏం చేసేవాళ్లమో ఒక్కసారి నిజాయతీగా ఆలోచించండి. చంటిపిల్లలు, జైల్లో తండ్రులు, వీధిలో తుపాకులు. ఆ నిర్ణయం తీసుకున్నవాళ్లను నేను పిరికివాళ్లు అనలేను.

నా అభ్యంతరం ఆ తర్వాత జరిగినదాని మీద. పోర్ట్‌లాండ్‌లో మినోరు యసూయి అనే యువ లాయరు ఉండేవాడు. జపనీయులు రాత్రి ఎనిమిది దాటాక బయట తిరగకూడదని కర్ఫ్యూ పెట్టారు. పౌరుడిని వంశం చూసి ఇంట్లో కూర్చోబెట్టడం రాజ్యాంగ విరుద్ధమని, కోర్టులో తేల్చుకుందామని, మార్చి 28 రాత్రి కావాలనే వీధిలోకి వచ్చాడు. ఎదురైన పోలీసును నన్ను అరెస్టు చెయ్యమని అడిగాడు. ఆ పోలీసు ఇంటికి వెళ్లి పడుకోమన్నాడు. ఇక లాభం లేదని యసూయి తనే పోలీస్ స్టేషన్‌కు నడిచి వెళ్లాడు. తొమ్మిది నెలలు ఏకాంత ఖైదులో ఉన్నాడు. సియాటెల్‌లో గోర్డన్ హిరబయాషి అనే విద్యార్థి, కాలిఫోర్నియాలో ఫ్రెడ్ కొరెమాట్సు అనే వెల్డరు కూడా ఇలాగే ఎదురు నిలిచారు. వీళ్లకు అండగా నిలవాల్సిన సంఘం ఏప్రిల్‌లో శాఖలన్నిటికీ సర్క్యులర్ పంపింది. ఇలాంటి కేసులకు మేం వ్యతిరేకం అని. తర్వాత మనసు మార్చుకుని సుప్రీంకోర్టులో మద్దతుగా నిలిచింది, అది నిజమే. కానీ అవసరమైన రోజున వాళ్లను ఒంటరిగా వదిలేసింది.

తీరం నుంచి ఖాళీ చేయించిన కుటుంబాల్ని కంచెలు వేసిన శిబిరాల్లో పెట్టారు. ఆ శిబిరాల్లో జనం సంఘం చేసినదాన్ని మర్చిపోలేదు. 1942 డిసెంబరులో మంజనార్ శిబిరంలో జేఏసీఎల్ నాయకుడొకరిని కొట్టారు, దాన్నుంచి గొడవ పెద్దదై సైనికుల కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. పోస్టన్ శిబిరంలో అధ్యక్షుడు కిడో మీదే దాడి జరిగింది. సంఘం ప్రధాన కార్యాలయం సాల్ట్ లేక్ సిటీకి మారింది. మా పిల్లల్ని కూడా సైన్యంలోకి తీసుకోండి, విధేయత నిరూపించుకుంటారు అని సంఘం ప్రభుత్వాన్ని కోరింది. 442వ రెజిమెంట్‌లో నిసెయ్ కుర్రాళ్లు ఇటలీలో, ఫ్రాన్స్‌లో చేసిన యుద్ధం అమెరికా సైనిక చరిత్రలో గొప్ప అధ్యాయం. అదే సమయంలో హార్ట్ మౌంటెన్ శిబిరంలో ఇంకో గుంపు యువకులు, ముందు మా కుటుంబాల్ని కంచె దాటించండి, తర్వాత సైన్యంలోకి రమ్మనండి అన్నారు. 1944లో 63 మందికి మూడేళ్ల చొప్పున జైలు శిక్ష పడింది. సంఘం వాళ్లను బహిరంగంగా తప్పుపట్టింది. యుద్ధానికి వెళ్లినవాళ్లదీ ధైర్యమే, వెళ్లనన్నవాళ్లదీ ధైర్యమే. రెంటికీ చోటివ్వగలిగినంత విశాలంగా ఆనాటి సంఘం లేదు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని మన పెద్దలు అంటారే, ఆ భయమే అక్కడా పనిచేసింది. మనలో మనకు తేడాలున్నాయని తెల్లవాళ్లకు తెలిస్తే ఇంకా లోకువైపోతామని అనుకున్నారు.

యుద్ధం తర్వాత పదేళ్లు వేగంగా చెబుతాను. పోయిన ఆస్తులకు కొంత పరిహారమిచ్చే చట్టం 1948లో వచ్చింది, నష్టంతో పోలిస్తే అది నామమాత్రం. 1952లో అసలు గోడ కూలింది. జాతి చూసి పౌరసత్వం నిరాకరించడం చట్టంలోంచి పోయింది. మసావోకా వాషింగ్టన్‌లో ఏళ్ల తరబడి చేసిన లాబీయింగ్ ఫలితం అది. తలలు నెరిసిన ఇస్సెయ్‌లు పౌరసత్వ తరగతులకు వెళ్లి ప్రమాణం చేశారు. ఆ చట్టంలోనే జపాన్‌కు ఏడాదికి 185 మంది కోటా పెట్టారు, కమ్యూనిస్టు అనుమానంతో మనుషుల్ని దేశం నుంచి పంపేసే నిబంధనలు కూడా చేర్చారు. అందుకే మిగతా హక్కుల సంఘాలు చాలావరకు దాన్ని వ్యతిరేకించాయి, ట్రూమన్ వీటో కూడా చేశాడు, కాంగ్రెస్ ఆ వీటోను దాటి చట్టం చేసింది. జేఏసీఎల్ మాత్రం మా అమ్మానాన్నలకు ఇక టైం లేదు అంది. నేను ఆ రోజు సంఘం వైపే ఉండేవాడిని అనుకుంటాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. వాళ్లు తమ పని అయిపోయిందని ఇంట్లో కూర్చోలేదు. నల్లజాతి సంఘాలతో కలిసి పౌరహక్కుల కూటమిలో మొదటినుంచీ ఉన్నారు. 1967లో తెల్లవాళ్లకు, ఇతర జాతులవాళ్లకు మధ్య పెళ్లిళ్లను నిషేధించే చట్టాలను సుప్రీంకోర్టు కొట్టేసిన లవింగ్ కేసులో జేఏసీఎల్ తరఫున విలియం మరుటాని స్వయంగా నిలబడి వాదించాడు.

ఇక నష్టపరిహార ఉద్యమం. 1970లో ఎడిసన్ యూనో జాతీయ మహాసభలో తీర్మానం పెట్టాడు. నాలుగేళ్లకు పైగా నిర్బంధంలో గడిపిన మనిషి. ప్రభుత్వం చేసింది తప్పని ఒప్పుకోవాలి, నష్టపరిహారం కట్టాలి అన్నాడు. తీర్మానం పాసైంది. పని మాత్రం జరగలేదు. మహాసభల్లో చప్పట్లతో పాసై బీరువాలో పడుకునే తీర్మానాలు మనకూ తెలుసు. పెద్దవాళ్లు ఇబ్బంది పడ్డారు. పాత గాయం ఎందుకు కెలకడం, డబ్బు అడిగితే చులకనైపోతాం కదా అన్నారు. యూనో 1976లో చనిపోయాడు, ఫలితం చూడలేదు.

పట్టుకుని కదిలించింది సియాటెల్ శాఖ. హెన్రీ మియటాకె, బోయింగ్‌లో పనిచేసే ఇంజనీరు. మన వృత్తివాడే. ఆయన, ఆయన స్నేహితులు ప్రభుత్వ పత్రాలు తిరగేసి, లెక్కలు కట్టి పూర్తి ప్రణాళిక తయారుచేశారు. 1978లో సాల్ట్ లేక్ సిటీ మహాసభ మనిషికి 25,000 డాలర్లు అడగాలని నిర్ణయించింది. అదే ఏడాది నవంబరులో రెండు వేల మందికి పైగా జనం సియాటెల్ నుంచి కార్ల వరసగా ప్యుయాలప్ సంత మైదానానికి వెళ్లారు. 1942లో వాళ్లను మొదట తోలుకెళ్లింది అక్కడికే. అప్పట్లో మెడలో వేసిన లాంటి చీటీలే మళ్లీ కట్టుకుని వెళ్లారు. ముప్పై ఆరేళ్లు నోరు మెదపనివాళ్లు పిల్లలకు, మనవలకు చోటు చూపించి మరీ చెప్పారు.

అప్పుడు మళ్లీ చీలిక. డానియెల్ ఇనోయె లాంటి సెనేటర్లు, ముందు విచారణ కమిషన్ అడగండి, నేరుగా డబ్బు అడిగితే కాంగ్రెస్‌లో పడదు అన్నారు. జేఏసీఎల్ కమిటీ ఒప్పుకుంది. సియాటెల్‌వాళ్లకు అది వెన్నుపోటులా అనిపించింది. షికాగోలో విలియం హోరి వేరే సంఘం పెట్టి ప్రభుత్వం మీద కోర్టుకెక్కాడు. లాస్ ఏంజెలిస్‌లో యువతరం ఇంకో సంఘం పెట్టి, ఇంగ్లీషు సరిగా రాని పెద్దల్ని కూడా సాక్ష్యాలకు సిద్ధం చేసింది. మూడు సంఘాలు, మూడు దారులు. ఈసారి మాత్రం ఎవరి గొంతూ మూతపడలేదు. నా దృష్టిలో ఈ ఉద్యమం గెలవడానికి అసలు కారణం ఇదే. 1981లో కమిషన్ ముందు 750 మందికి పైగా సాక్ష్యం చెప్పారు. తల్లిదండ్రులు ఏం పడ్డారో ఎంతోమంది పిల్లలు మొదటిసారి విన్నది ఆ హాళ్లలోనే. ఆ నిర్బంధానికి కారణం జాతి ద్వేషం, యుద్ధోన్మాదం, రాజకీయ నాయకత్వ వైఫల్యం అని కమిషన్ 1983లో తేల్చిచెప్పింది. ఆ ఏడాదే కొరెమాట్సు మీద శిక్ష రద్దయింది. ఆ రోజుల్లో జేఏసీఎల్ నష్టపరిహార కమిటీకి అధ్యక్షత వహించింది ఎవరనుకుంటున్నారు? మినోరు యసూయి. 1942లో ఏ సంఘం వద్దందో ఆ సంఘం తరఫునే ఊరూరా తిరిగాడు. 1986లో చనిపోయేవరకు తిరుగుతూనే ఉన్నాడు.

1988 ఆగస్టు 10న ప్రెసిడెంట్ రీగన్ చట్టం మీద సంతకం చేశాడు. బతికున్న ప్రతి ఒక్కరికీ క్షమాపణ, 20,000 డాలర్లు. 1990 అక్టోబరు 9న వాషింగ్టన్‌లో మొదటి చెక్కులు ఇచ్చారు. అందరికంటే పెద్దాయన మమోరు ఎటో, పాస్టరు, 107 ఏళ్లు. అటార్నీ జనరల్ డిక్ థార్న్‌బర్గ్ చక్రాల కుర్చీల్లో ఉన్న ఆ పెద్దల ముందు మోకాళ్ల మీద కూర్చుని చెక్కులు అందించాడు. మొత్తం 82,219 మందికి పరిహారం అందింది. ఇంట్లో సామాను రెండు సూట్‌కేసుల్లో సర్దుకుని బస్సెక్కిన ఇస్సెయ్‌లలో చాలామంది మాత్రం ఆ రోజుకు లేరు.

ప్రభుత్వం క్షమాపణ చెప్పాక సంఘానికి తన లెక్క మిగిలింది. సైన్యంలోకి వెళ్లనన్న ఆ హార్ట్ మౌంటెన్ యువకులకు క్షమాపణ చెప్పాలా వద్దా అని శాఖల మధ్య ఏళ్ల తరబడి వాదన నడిచింది. 442లో పోరాడిన ముసలి సైనికులు కొందరు గట్టిగా అడ్డుపడ్డారు, వాళ్ల బాధ కూడా అర్థం చేసుకోదగిందే. చివరికి 2002 మే నెలలో శాన్‌ఫ్రాన్సిస్కోలో బహిరంగ సభ పెట్టి క్షమాపణ చెప్పారు. అప్పటికి ఆ యువకులు ఎనభైల్లో ఉన్నారు. ఒక సమాఖ్య పెద్దదైందని నేను ఒప్పుకునేది శాఖల సంఖ్య చూసి కాదు, ఇలాంటి సభ పెట్టగలిగినందుకు. 2001 సెప్టెంబరు 11 తర్వాత ముస్లింల మీద, అరబ్బుల మీద అనుమానం మొదలైనప్పుడు, ఇది మాకు జరిగింది, ఇంకెవరికీ జరగకూడదు అని వెంటనే ముందుకొచ్చినవాళ్లలో జేఏసీఎల్ ఉంది.

ఇప్పుడు మన ఇళ్ల సంగతి. 1965 వలస చట్టం వచ్చాక డాక్టర్లుగా, ఇంజనీర్లుగా వచ్చినవాళ్లు మన మొదటి తరం. ఆ తర్వాత హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద సాఫ్ట్‌వేర్ తరం. ఇవాళ ఒక తెలుగు ఇంట్లోకి వెళ్తే ఇక్కడ పుట్టిన పాప పౌరురాలు, నాన్న హెచ్-1బీ, అమ్మ ఆయన భార్యగా హెచ్-4, చిన్నప్పుడు ఇండియా నుంచి వచ్చిన అన్నయ్యకు ఇరవై ఒకటి నిండితే తల్లిదండ్రుల దరఖాస్తులోంచి పేరు పోయే ప్రమాదం. ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికైనా ఏడు శాతమే అనే పరిమితి వల్ల ఆ నాన్న లైనులో ఏళ్లకేళ్లు నిలబడి ఉన్నాడు. 1942తో దీన్ని పోల్చడం లేదు, పోల్చకూడదు కూడా. కానీ ఇంటి లోపలి అమరిక మాత్రం అదే. ఒకే కప్పు కింద ఓటున్నవాళ్లు, లేనివాళ్లు.

ఆ లైనులో ఉన్నవాళ్ల తరఫున వాషింగ్టన్‌లో మాట్లాడేది ఎవరు? ఎక్కువగా లైను దాటినవాళ్లమే. మంచి మనసుతోనే మాట్లాడతాం. అయినా ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాల్సిన వాడి టెన్షన్ మనకు గుర్తుండదు. ఎఫ్-1 మీద ఉన్న విద్యార్థి, హెచ్-4 మీద ఉన్న చెల్లెమ్మ మన సంఘాలకు వంటల స్టాల్ దగ్గర, సాంస్కృతిక కార్యక్రమాల దగ్గర కావాలి. విధాన కమిటీ గదిలో కూడా వాళ్లుండాలి. అందరం ఒక్క మాట మీద ఉండాలనే తొందరలో, తేడాగా మాట్లాడినవాళ్లను వాట్సాప్ గ్రూపులోంచి తీసేసే అలవాటు కూడా మానుకోవాలి.

ఈ మధ్యాహ్నం సర్వసభ్య సమావేశంలో నిబంధనావళి సవరణ ఉందని తెలిసి ఒక ప్రతిపాదన రాసుకొచ్చాను. అందులో మూడే అంశాలు. వీసా ఏదైనా సభ్యుడికి పూర్తి ఓటు ఉండాలి, కార్యవర్గంలో కనీసం రెండు స్థానాలు పౌరసత్వం, గ్రీన్‌కార్డు లేనివాళ్లకు ఉండాలి. వలస చట్టాల మీద సంఘం ఏ లేఖ పంపినా, దాంతో విభేదించిన సభ్యుల అభిప్రాయం కూడా మినిట్స్‌లో రాసి సభ్యులందరికీ పంపాలి. కాపీలు కార్యదర్శి గారి టేబుల్ మీద ఉన్నాయి. భోజనాల టైములో చదవండి. నచ్చితే సంతకం పెట్టండి, నచ్చకపోతే మూడు గంటలకు సమావేశంలో లేచి ఎందుకు నచ్చలేదో చెప్పండి. నేను అక్కడే ఉంటాను. నమస్కారం.